శుభ్రమైన బారెల్, మసిబారిన బారెల్: మజిల్‌లోడర్ గురి ఎందుకు మారుతుంది?

మూతి నుంచి మందు పోసి, గుండు దట్టించి పేల్చే రైఫిల్‌తో (మజిల్‌లోడర్‌తో) సాధన చేసేవాళ్లందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. శుభ్రం చేసి తెచ్చిన బారెల్‌తో కొట్టిన మొదటి దెబ్బ ఒకచోట పడుతుంది. రెండోది, మూడోది ఒకదాని పక్కన ఒకటి పడినా మొదటిదానికి దూరంగా ఉంటాయి. అయిదో గుండుకల్లా దట్టించే కడ్డీ సగం దారిలోనే మొరాయిస్తుంది. బలం పెట్టి దించితే ఆ దెబ్బ ఎటు పోతుందో చెప్పలేం. చాలామంది ఇక్కడే గురి చూసే సైట్ స్క్రూలు తిప్పడం మొదలుపెట్టి, సాయంత్రానికి ఇంకా అయోమయంలో పడతారు. బారెల్ లోపలి స్థితి దెబ్బదెబ్బకూ మారుతున్నంతసేపూ సైట్‌ని ఎంత సరిచేసినా లాభం లేదు. మసి ఉన్న బారెల్‌తో గురి కుదురుతుంది, లేని బారెల్‌తోనూ కుదురుతుంది. రెండింటి మధ్య ఊగిసలాడే బారెల్‌తోనే కుదరదు. కాబట్టి ముందు ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి, తర్వాత ప్రతి దెబ్బకూ బారెల్‌ని అదే స్థితికి తేవాలి.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట లేదు. మందు దట్టించే తుపాకీకీ ఆయుధ లైసెన్సు ఉండాల్సిందే, పేల్చడం అనుమతి ఉన్న రేంజిలోనే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది లక్ష్యం మీద కొట్టే క్రీడ. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు మాత్రం అక్కడి రాష్ట్రాలు విడిగా ప్రకటించే మజిల్‌లోడర్ వేట సీజన్ కూడా ఉంటుంది. పత్రికల్లో భర్మార్ అని కనిపించే నాటు తుపాకుల జోలికి మేం పోవడం లేదు. వాటి గొట్టం లోపల మరలు తిరిగిన గాడులే ఉండవు, ఒత్తిడికి తట్టుకుంటాయన్న భరోసా అంతకన్నా ఉండదు.

మసి ఎక్కణ్నుంచి వస్తుంది

నల్లమందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. పేలినప్పుడు అది మొత్తం వాయువుగా మారదు. బరువులో సగానికి పైగా పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్ లాంటి ఘనపదార్థాలుగానే మిగులుతుంది. కొంత పొగగా బయటికి పోతుంది, మిగతాది బారెల్ గోడలకు పడుతుంది. ఈ లవణాలకు గాల్లోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గురి కష్టాలన్నిటికీ మూలం ఇదే. గాలిలో తేమ ఉన్న రోజున మసి మెత్తగా, జిడ్డుగా ఉండి తర్వాతి గుండుకు దారి ఇస్తుంది. గాలి పొడిగా ఉన్న రోజున అదే మసి గట్టిగా పెంకులా బిగుసుకుంటుంది.

హైదరాబాద్‌లో ఈ తేడా ఏడాదిలో రెండు కొసల్లా కనిపిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం పూట మూడో దెబ్బకే బారెల్ లోపల గరుకు తేలుతుంది. ఎండకు కాలిన బారెల్ మసిని మరింత ఎండగడుతుంది. అదే రైఫిల్, అదే మందు, అదే గుండు శ్రావణ మాసపు ముసురులో ఆరేడు దెబ్బల దాకా ఇబ్బంది పెట్టకపోవచ్చు. వేసవిలో కుదిరిన లెక్క వానాకాలంలో చెడిందంటే మొదట అనుమానించాల్సింది తేమనే.

ఈ మసి మన చరిత్రలోకీ వచ్చింది. 1857లో సిపాయిలు పళ్లతో కొరకడానికి నిరాకరించిన ఎన్‌ఫీల్డ్ తూటాలకు కొవ్వు ఎందుకు పూశారన్నది ఎవరూ పెద్దగా అడగరు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బారెల్ వ్యాసం .577 అంగుళం, గుండు .568 అంగుళం. చుట్టిన కాగితంతో కలిపి ఆ గుండు మసిబారిన గొట్టంలో దిగాలంటే జిడ్డు కావాలి, ఆ జిడ్డే మసినీ మెత్తబరచాలి. తూటాకు పూసిన కొవ్వు పని అదే. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట మీరట్‌లో రాజేసిన మంట అదే ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో మన కోఠీ రెసిడెన్సీ గేటు దాకా వచ్చింది. తర్వాత బ్రిటిష్‌వాళ్లు గుండు వ్యాసాన్ని .550కి తగ్గించి, కొవ్వుకు బదులు తేనెమైనం వాడారు. వదులైన గుండు, మెత్తని మైనం. మసిని గొట్టంలోంచి తీయకుండానే దాంతో నెట్టుకురావడానికి సైన్యం ఎంచుకున్న దారి అది. గురి కోసం కొట్టేవాళ్లు ఆ దారిన పోనక్కర్లేదు, వాళ్లను తొందరపెట్టే శత్రువు ఎవరూ లేరు.

వెయ్యోవంతు అంగుళాల లెక్క

.50 క్యాలిబర్ రైఫిల్ తీసుకుందాం. గాడుల మధ్య ఉండే గట్ల మీద కొలిస్తే బారెల్ వ్యాసం .500 అంగుళం. గాడి లోతు .010 అనుకుంటే గాడుల అడుగున వ్యాసం .520. అందులోకి .490 సీసపు గుండు, దాని చుట్టూ .015 మందమున్న నూలు పట్టీ. గుండుకూ గాడి అడుగుకూ మధ్య సందు సరిగ్గా .015, పట్టీ దాన్ని నింపేస్తుంది. గట్టు దగ్గర సందు .005 మాత్రమే, అక్కడ పట్టీ మూడోవంతుకు నలుగుతుంది. శుభ్రమైన బారెల్‌లో ఇది చక్కగా దిగుతుంది, గ్యాసు పక్కల నుంచి జారిపోకుండా ఆపుతుంది.

ఇప్పుడు గోడకు .002 అంగుళం మందాన మసి పట్టిందనుకోండి. గట్టు దగ్గర .005 సందు .003కి తగ్గింది. పట్టీ అయిదోవంతుకు నలగాలి. కడ్డీ మీద పడే బలం ఒక్కసారిగా పెరుగుతుంది. బలంగా నెడితే మెత్తని సీసం చదునవుతుంది, పట్టీ చిరుగుతుంది, కింద మందు గింజలు ఒక్కోసారి ఒక్కోలా నలుగుతాయి. ఈ మూడిట్లో ఏ ఒక్కటైనా దెబ్బను పక్కకు తీసుకెళ్తుంది. గుండు వదిలే ముందు రాపిడి పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, వేగం మారుతుంది. అందుకే శుభ్రమైన బారెల్ దెబ్బకూ మసి బారెల్ దెబ్బకూ ఎత్తులో తేడా వస్తుంది. పైకా కిందికా అన్నది రైఫిల్‌ని బట్టే తేలుతుంది. పక్కవాడి రైఫిల్ పైకి కొడుతోందని మనదీ అంతే అనుకోకూడదు.

మొదటి దెబ్బ దారితప్పడానికి ఇంకో కారణం నూనె. దాచిపెట్టేటప్పుడు తుప్పు పట్టకుండా పూసిన నూనె గోడల మీదే ఉంటుంది, రైఫిల్‌ని నిలబెట్టి ఉంచితే కారి బ్రీచ్ (బారెల్ వెనక కొస, మందు కూర్చునే చోటు) అడుగున చేరుతుంది. అక్కడ మందు కొంత తడుస్తుంది, పైన గుండు అతిగా జారుతుంది. దీన్ని శుభ్రమైన బారెల్ దెబ్బ అనడం పొరపాటు, అది నూనె బారెల్ దెబ్బ. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది.

రెండు దారులు

మొదటి దారి: తుడవకుండా కొట్టడం. రెండు మూడు దెబ్బలు కొట్టేసి బారెల్‌ని మసిబార్చి, ఆ తర్వాతి దెబ్బల్నే లెక్కలోకి తీసుకోవడం. ప్రతి గుండూ తనతో తెచ్చే మైనం పాత మసిని మెత్తబరచి కొంత బయటికి ఊడ్చుకుపోతుంది, కొత్త మసి చేరుతుంది, ఒక స్థితిలో రెండూ సరిసమానమవుతాయి. తమ మీది గాడుల నిండా మైనం పట్టించిన పొడవాటి సీసపు గుండ్లకు, .010 లాంటి పలచని పట్టీలకు ఇది నడుస్తుంది. చిక్కేమిటంటే ఆ సమతూకం వాతావరణం చేతిలో ఉంటుంది. వానాకాలం ఉదయం నిలకడగా ఉన్నది ఎండ ఎక్కేసరికి తప్పుతుంది.

రెండో దారి: ప్రతి దెబ్బకూ ముందు తుడవడం. పని ఎక్కువ, కానీ వాతావరణం ఎలా ఉన్నా గొట్టం ఒకేలా ఉంటుంది. మన దక్కను పొడిగాలికి మా ఓటు దీనికే. సమయం చాలదన్న భయం అక్కర్లేదు. అంతర్జాతీయ మజిల్‌లోడర్ పోటీల్లో 30 నిమిషాల్లో 13 దెబ్బలు కొట్టాలి, అందులో మేలైన 10 లెక్కిస్తారు. అంటే ఒక్కో దెబ్బకు 2 నిమిషాల పైచిలుకు దొరుకుతుంది. తుడిచి, దట్టించి, ఊపిరి కుదుట పరచుకుని పేల్చడానికి అది చాలు.

తుడవడం ఎలా

పైకి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. .50 బారెల్‌కు 2 నుంచి 2.5 అంగుళాల నూలు గుడ్డ ముక్కలు కోసి పెట్టుకోండి. ఒకదాన్ని మంచినీళ్లలో ముంచి, వేళ్ల మధ్య గట్టిగా పిండండి. ముట్టుకుంటే చల్లగా తగలాలి, నొక్కినా చుక్క రాలకూడదు. తడి ఎక్కువైతే మసి కరిగి బురదై బ్రీచ్‌లోకి, నిప్పు వెళ్లే సన్నని దారిలోకి చేరుతుంది. తర్వాతి దెబ్బ పేలకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. నీళ్లలో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే త్వరగా ఆరుతుంది.

కడ్డీ కొసన బిగించే జాగ్ కొలత గుడ్డతో కలిపి చూసుకోవాలి. గుడ్డ చుట్టిన జాగ్ కిందికి సులువుగా, మసి మీదుగా జారుతూ దిగాలి. అడుగు తాకి పైకి లాగేటప్పుడు గుడ్డ జాగ్ మీది గాడుల్లో కుచ్చులా పోగై బిగుసుకోవాలి, మసిని పైకి లాక్కురావాలి. దిగేటప్పుడే బిగుతుగా ఉన్న జాగ్ మసిని మొత్తం పిస్టన్‌లా అడుక్కి నెట్టేస్తుంది. నాలుగుసార్లు తుడిచాక బారెల్ మూతి దగ్గర తళతళలాడుతూ, బ్రీచ్‌లో అర అంగుళం మడ్డి పేరుకుని ఉండే రైఫిళ్ల కథ ఇదే. జాగ్ కాస్త లావుగా ఉంటే గుడ్డ పలచనిది వాడండి, లేదా లేత్ మీద జాగ్‌ని కొద్దిగా తగ్గించండి.

క్రమం ఇలా ఉండాలి. తడి గుడ్డ ఒకేసారి అడుగు దాకా, రెండు క్షణాలు ఆగి, నెమ్మదిగా పైకి. అదే గుడ్డను తిరగేసి మళ్లీ ఒకసారి. తర్వాత పొడి గుడ్డ, రెండు వైపులా. అంతే. ప్రతి దెబ్బకూ ఇన్నే, ఇలాగే. ఒకసారి రెండు గుడ్డలు, ఇంకోసారి అయిదు వాడితే తుడవడం వల్ల వచ్చే లాభం పోతుంది. మధ్యలో కడ్డీ పట్టేస్తే దౌర్జన్యం చేయకుండా పైకి రెండంగుళాలు, కిందికి మూడంగుళాలు చొప్పున ఆడిస్తూ దింపండి. తడి గుడ్డకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే ఆర్పేస్తుంది. ఆ భరోసా ఉన్నా మందును సీసాలోంచి నేరుగా బారెల్‌లోకి ఎప్పుడూ పోయకూడదు. కొలత గొట్టంలోకి తీసి, దాంతోనే పోయాలి.

నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) ఉన్న రైఫిల్ అయితే తుడిచాక, మందు పోయకముందే ఒక క్యాప్ (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ) పేల్చి చూడండి. మూతిని లక్ష్యం వైపే, నేలమీది గడ్డిపరకకు దగ్గరగా పెట్టి పేలిస్తే పరక కదలాలి. కదిలితే దారి తెరిచి ఉన్నట్టు. చెకుముకి రైఫిల్‌లో అయితే సన్నని తీగతో నిప్పు వెళ్లే రంధ్రం గుచ్చి చూడాలి.

దట్టించేటప్పుడు

.50 రైఫిల్‌లో పట్టీ గుండుకు 2ఎఫ్ (గింజ సైజు గుర్తు) మందు 60 నుంచి 90 గ్రెయిన్ల (మందు కొలిచే చిన్న ప్రమాణం) మధ్య, కొలత గొట్టం లెక్కన, సాధారణంగా సరిపోతుంది. తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితి ఎప్పుడూ దాటకూడదు. ఆధునిక తుపాకుల పొగలేని మందు ఇందులో ఒక్క గింజ కూడా పడకూడదు, బారెల్ పగులుతుంది. మందు పోశాక బారెల్‌ని అరచేత్తో ప్రతిసారీ అన్నేసార్లే తట్టండి. గుండు మందు మీద కూర్చున్నాక కడ్డీని ఎగరేసి కొట్టకండి, సీసం మొన చదునవుతుంది. ప్రతిసారీ ఒకే బలంతో నొక్కితే చాలు.

శుభ్రమైన బారెల్‌లో గుండు పూర్తిగా దిగినప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర గీత గీసి ఉంచండి. ప్రతి దెబ్బకూ ఆ గీత మూతితో కలవాలి. గీత పైన ఆగిందంటే గుండు మసిలో ఇరుక్కుని మందుకు దూరంగా ఉందన్నమాట. అలా పేలిస్తే బారెల్ ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. గురి సంగతి తర్వాత, ఇది ప్రాణాల సంగతి. క్యాప్ పేలినా మందు అంటుకోకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఆగండి.

పట్టీ గుడ్డ నూరుపాళ్లు నూలే కావాలి. జనరల్ బజారులో కొనేటప్పుడు ఒక దారం లాగి నిప్పంటించి చూడండి. బూడిదైతే నూలు, కరిగి పూసలా గట్టిపడితే పాలియెస్టర్ కలిసింది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, అది పోయేదాకా ఉతికి ఆరేసి వాడాలి. మందాన్ని కంటితో అంచనా వేయొద్దు, రాణీగంజ్‌లో దొరికే సాదా మైక్రోమీటరో వెర్నియరో చాలు. పట్టీకి ఉప్పు లేని జిడ్డు కావాలి. తేనెమైనాన్ని వంటనూనెతో కరిగించినది పనికొస్తుంది. లేదా 7 పాళ్ల నీళ్లకు 1 పాలు బాలిస్టాల్ నూనె కలిపి గుడ్డను తడిపి, నీళ్లు ఆరేదాకా పరిచి ఉంచితే నూనె పలచగా, అంతటా సమంగా మిగులుతుంది. ఇంజిన్ ఆయిల్, గ్రీజు లాంటి పెట్రోలియం సరుకు నల్లమందుతో కలిసి తారులా మారుతుంది.

పేల్చాక ముందుకు నడిచి, నేలమీద పడ్డ పట్టీలను ఏరండి. ఇంత నమ్మకంగా జరిగింది చెప్పే సాక్ష్యం ఇంకోటి లేదు. మధ్యలో గుండు కూర్చున్న చోట గుండ్రటి మరక, చుట్టూ గాడుల అచ్చులు, అంచులు మాత్రమే పీచులేచి ఉంటే అంతా బాగున్నట్టే. గుండు అంచు వెంట చిల్లులు కాలితే పట్టీ పలచనైంది లేదా జిడ్డు చాల్లేదు. కత్తిరించినట్టు చీలితే మూతి అంచు పదునుగా ఉంది. మొదటి పట్టీ చక్కగా ఉండి, తుడవకుండా కొట్టిన నాలుగో పట్టీ చిరిగితే దోషం మసిది.

నల్లమందుకు బదులు వాడేవి

పైరోడెక్స్ నల్లమందులాగే తేమ పీలుస్తుంది, తుప్పు విషయంలో ఇంకాస్త మొండిది. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, నీళ్లతో సులువుగా పోతుంది. అయితే 209 ప్రైమర్ (క్యాప్ కన్నా బలంగా నిప్పు పుట్టించేది) వాడే ఇన్‌లైన్ (నిప్పు నేరుగా వెనక నుంచి తగిలే ఆధునిక) రైఫిళ్లలో మందు పైభాగం ఉండే చోట గట్టి వలయంలా పేరుకుంటుంది, తర్వాతి గుండు సరిగ్గా అక్కడే ఆగుతుంది. ప్రతి దెబ్బకూ ఒక తడి గుడ్డ వేస్తే ఆ వలయం ఏర్పడదు. ఇది నల్లమందు కన్నా బలమైనది, అదే వేగం కోసం కొలత 15 శాతం తగ్గించాలి. బ్లాక్‌హార్న్ 209 తీరు పూర్తిగా వేరు. దాని మసి పలచన, తేమను అంతగా పీల్చదు, వరసగా చాలా దెబ్బలు తుడవకుండా కొట్టొచ్చు. కాబట్టి దాంతో మసి బారెల్‌కే సైట్ పెట్టుకోవడం మేలు. నీళ్లకు అది లొంగదు, మామూలు గన్ సాల్వెంట్ కావాలి. ప్లాస్టిక్ తొడుగు గుండ్లు వాడేవాళ్లు బారెల్ చల్లారేదాకా ఆగాలి, వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే బిగువు పోతుంది. అమెరికాలో వేటకెళ్లేవాళ్లు ఇవన్నీ కొనేముందు తమ రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో గుళికల మందు, ప్లాస్టిక్ తొడుగులు, స్కోపు మూడూ నిషేధం.

మొదటి దెబ్బే ముఖ్యమైనప్పుడు

వేటలో దక్కేది ఒక్క దెబ్బ, అదీ చల్లని బారెల్‌తో. మసి బారెల్‌కు సైట్ పెట్టుకున్నవాళ్లు తెల్లవారుజామున ఒక దెబ్బ కొట్టి మసిబార్చి మందు నింపుకుంటారు. నల్లమందుతో ఇది మంచిది కాదు. మసి రోజంతా తేమ పీల్చి ఉక్కును తింటుంది, పైన ఉన్న మందునూ తడుపుతుంది. మెరుగైన పద్ధతి: ఆల్కహాల్ గుడ్డతో నూనె పూర్తిగా తీసేయండి, పొడి గుడ్డలు తెల్లగా వచ్చేదాకా తుడవండి. తర్వాత జాగ్ మీద ఒక పొడి గుడ్డ పెట్టి అడుగు దాకా దించి, దాని మీదికి ఒక క్యాప్ పేల్చండి. తీస్తే గుడ్డ మధ్యలో కాలిన మచ్చ ఉండాలి. నిప్పు దారి తెరుచుకుంది, నూనె లేదు అన్నదానికి అదే రుజువు. ఇప్పుడు దట్టించండి. సైట్‌ని ఈ స్థితికే పెట్టుకుంటే, రెండో దెబ్బను తుడిచి కొట్టినా దాదాపు అక్కడే పడుతుంది.

మీ రైఫిల్‌లో తేడా ఎంతో తెలుసుకోవడానికి మూడు లక్ష్యాలు పెట్టుకోండి, 50 గజాల దూరంలో. ఒకటి నూనె తీయని బారెల్‌కు, ఒకటి ఆల్కహాల్‌తో తుడిచిన బారెల్‌కు, ఒకటి తుడవకుండా వరసగా కొట్టేవాటికి. మొదటి రెండిట్లో ప్రతి దెబ్బకూ ముందు బారెల్‌ని పూర్తిగా కడిగి, చల్లారబెట్టి, అదే స్థితికి తేవాలి. ఒక్కోదానికి అయిదు దెబ్బలైనా లేకుండా తీర్పు చెప్పకండి. పలచని కాగితం మీద మూడింటినీ ఒకదానిపై ఒకటి అచ్చుదించితే తేడా కంటికి కనబడుతుంది. 50 గజాల దగ్గర దెబ్బల గుంపుల మధ్య ఒక అంగుళం ఎడం ఉంటే 100 గజాల దగ్గర అది కనీసం రెండు అంగుళాలు.

ఇంటికి వచ్చాక

బారెల్‌ని దోసెల పెనంలా జిడ్డు పట్టించి పదును చేయాలని, నీళ్లు తగలనీయకూడదని ఒక పాత నమ్మకం ఉంది. పెనం పోత ఇనుము, బారెల్ ఉక్కు. అక్కడ పేరుకునే నల్లటి పొర పదును కాదు, మసినీ తేమనూ కింద దాచుకున్న కాలిన జిడ్డు. దాని కింద తుప్పు గుంటలు పడితే ఎంత తుడిచినా ప్రతి దెబ్బకూ పట్టీ చిరుగుతుంది.

నల్లమందు లవణాలు కరిగేది నీళ్లలోనే. కొట్టిన రోజు సాయంత్రమే నిపుల్ విప్పి, బారెల్ ఊడి వచ్చే రకమైతే బ్రీచ్ కొసను బకెట్ గోరువెచ్చని నీళ్లలో పెట్టి, గుడ్డ చుట్టిన జాగ్‌తో పంపులా ఆడించండి. రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చాలి. మరిగే నీళ్లు వద్దు, ఆరుతూనే ఎర్రటి పొడి తుప్పు లేస్తుంది. పొడి గుడ్డలతో ఆరబెట్టి, ఆల్కహాల్ గుడ్డ ఒకటి వేసి, ఆ తర్వాతే నూనె. బ్రీచ్ మూలలకు సన్నని బ్రష్ వాడండి, నిపుల్ మరలకు కొంచెం గ్రీజు పెట్టండి. దాచేటప్పుడు మూతి కిందికి ఉండేలా పెడితే నూనె బ్రీచ్‌లో చేరదు. మర్నాడు ఒక తెల్ల గుడ్డ వేసి చూడండి. గోధుమరంగు తగిలితే మళ్లీ కడిగి నూనె పూయాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా మూడో రోజున ఇంకోసారి చూడటం అవసరం.